బెత్తెడు మడత

తెరల కార్ఖానా, పై అంతస్తు

వదినా,

ముందు ఆ కత్తెర పక్కన పెట్టు. నాకు తెలుసు, ఉత్తరం ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో గుడ్డ కత్తిరిస్తూ ఉంటావు. పెట్టావా? అయితే విను. కొత్త సభామందిరం వేదికకి పెద్ద తెర కుట్టే పని నాకే వచ్చింది! ఇన్నేళ్ళూ నాటకాల వాళ్ళకి కొండలూ మబ్బులూ కుట్టిపెట్టిన మీ ఆడపడుచుని పిలిచి మరీ ఇచ్చారు. అన్నయ్యకి చెప్పు, నమ్మకపోతే గిల్లి చెప్పు.

తెర దేని గురించంటే, నది అవతలి యుద్ధం గురించి. సభామందిరం కమిటీ వాళ్ళు కాగితాల మీద 'విజయ తెర' అని రాసుకున్నారు. పట్టుగుడ్డ, బంగారు జరీ, గుర్రాలూ కత్తులూ వాళ్ళ ఊహ. నా ఊహ వేరే. పోయిన పిల్లల ఇళ్ళకి బట్టల మూటలు వచ్చాయి కదా, ఆ బట్టలతోనే తెర చేద్దామని ఉంది. ఎలా చేస్తానో నాకే ఇంకా తెలీదు. మీ వీధిలో చాలా ఇళ్ళకి వచ్చాయన్నావు. ఒక్కసారి అందరినీ అడిగి చూస్తావా?

మన బుడ్డోడిది కూడా ఇస్తావా వదినా? ఎదురుగా అడగడానికి నోరు రాక రాస్తున్నాను.

నీ ఆడపడుచు


కుట్టు దుకాణం

మరదలమ్మగారికి,

కత్తెర పక్కన పెట్టమన్నావు, పెట్టలేదు. అది నా చేతిలో ఉన్నప్పుడు నువ్వు ఎదురుగా లేవు, అదీ నీ అదృష్టం.

విజయమట! ఏం గెలిచామే? మన ఇంటికి దొంగలొస్తే అడ్డం నిలబడి పోయాడా నా కొడుకు? అవతలి వాళ్ళు వాళ్ళ మానాన వాళ్ళు బతుకుతుంటే, వాళ్ళ ఊళ్ళు లాక్కురమ్మని పంపితే వెళ్ళి పోయాడు. లాక్కున్న ఊరికి కొత్త పేరు కూడా పెట్టారట. నేను మాత్రం రోజూ పొద్దున్నే నా కొడుకుని పాత పేరుతోనే పిలుచుకుంటున్నాను. పలకడు. ఇదీ మన విజయం.

వాడు పుట్టినప్పుడు నాకంటే ముందు ఎత్తుకున్నది నువ్వు. బళ్ళో అందరికంటే పొట్టిగా ఉన్నాడని బుడ్డోడని పేరు పెట్టిందీ నువ్వే. అలాంటిదానివి, వాణ్ణి తీసుకెళ్ళి గుర్రాల పక్కన జరీతో కుడతావా? కమిటీ వాళ్ళకైతే కొడుకులు పోలేదు కాబట్టి సంబరం. నీకేమొచ్చింది?

వాడి బట్టలు ఇవ్వను. వీధిలో ఎవరినీ అడగను. మీ అన్నయ్య పక్కనే నిలబడి 'కాస్త మెల్లిగా రాయవే' అంటున్నాడు. ఇది మెల్లిగా రాసిందే.

వదిన


తెరల కార్ఖానా

వదినా,

తిట్లన్నీ అందాయి. ఒక్కటీ దారిలో పోలేదు. నిజం చెప్పనా, ఇంకో నాలుగు తిడతావనుకున్నాను. విజయం అన్నది వాళ్ళ మాట, నాది కాదు. కానీ ఆ మాట చెవిన పడుతున్నా పని ఎందుకు ఒప్పుకున్నానంటే, నేను కాదంటే ఇంకెవడో నిజంగానే గుర్రాలు కుడతాడు కాబట్టి.

ఇప్పుడు గొడవ కాసేపు ఆపి, నాకొక సంగతి చెప్పు. మా కార్ఖానా కింద రొట్టెలమ్మే ఆవిడ ఉంది. ఆవిడ కొడుకూ పోయాడు. నేనేం చేయబోతున్నానో తెలిసి, వాడి ప్యాంటు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. తిరగేసి చూద్దును కదా, కాలి చివర లోపలికి బెత్తెడు గుడ్డ మడిచి ఉంది! సైన్యం బట్టల్లో అంత మడత ఎక్కడైనా ఉంటుందా? వేలెడు కూడా వదలరు. కుట్టు చూశాను. పైకి కనపడకుండా, మూడు కుట్లకొకసారి వెనక్కి తిప్పి వేసే ఆ కుట్టు నాకు తెలీదా వదినా? నా చిన్నప్పటి గౌన్లన్నిటికీ అదే కుట్టు.

నువ్వే కదా? ఎందుకలా కుట్టావు?

సమాధానం కోసం కాచుకుని కూర్చున్న
నీ ఆడపడుచు


కుట్టు దుకాణం

అమ్మాయ్,

నేనే. నేనూ, దుకాణంలో మిగతా ఆడవాళ్ళూ. కావాలని చేసింది కాదు. పొరపాటు. మాలాంటి వాళ్ళం తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు.

ఈ దుకాణం పెట్టిన దగ్గర్నుంచీ బడి బట్టలే కదా కుట్టాం. వచ్చే ప్రతి అమ్మా చెప్పేది ఒకటే మాట: "పెరిగే పిల్లాడండీ, కాస్త వదిలి కుట్టండి." యుద్ధం మొదలయ్యాక సైన్యం వాళ్ళు ఉన్న దుకాణాలన్నిటికీ పని పంచారు. మాకు చిన్న సైజులు పడ్డాయి. నడుములు చూస్తే బడి పిల్లల నడుములే. చేతులు వాటంతటవే బెత్తెడు వదిలి మడిచేశాయి. ఒకళ్ళు కూడా గమనించలేదు. మొదటి విడత కట్టలు కట్టాక ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒకటి తిరగేశాడు. "ఇదేంటమ్మా, ఇంత మడతా? సైనికులేమైనా పెరుగుతారా?" అన్నాడు. నా నోరు నీకు తెలుసుగా. "వీళ్ళు పెరుగుతారండీ, మూతి మీద ఇంకా మీసం కూడా రాలేదు" అనేశాను. ఉతికి ఆరేస్తాడనుకున్నాను. ఏమనుకున్నాడో ఏమో, తలొంచుకుని ముద్రలు వేసి పంపించేశాడు. తర్వాత విడతలన్నీ తెలిసే అలా కుట్టాం.

ఇప్పుడు ఇంకో మాట. నీ ఉత్తరం చదివాక మూట విప్పాను. అవును, ఇన్నాళ్ళూ విప్పలేదు. బట్టలు ఇవ్వనని నీ మీద అంత ఎగిరానే, అవి ఎలా ఉన్నాయో నాకే తెలీదు. బీరువా పైన పెట్టి, అటువైపు చూడకుండా తిరుగుతున్నాను.

వాడి ప్యాంటుకి మడత లేదు అమ్మాయ్. ఎవరిదో పొరపాటున వచ్చిందనుకున్నాను. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే అర్థమైంది. మడత ఉండేది, విప్పేశారు. పైన గుడ్డంతా ఎండకి వెలిసిపోయింది, కింద బెత్తెడు మేర మాత్రం మా దుకాణంలోంచి వెళ్ళినప్పటి ముదురు రంగే ఉంది. అంచు చుట్టూ మళ్ళీ కుట్టి ఉంది. అబ్బబ్బా, ఏం కుట్టే అది! ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, దారం ఇంకో రంగు. పదేళ్ళు నా మిషను పక్కన కూర్చుని కూడా ఒక్క కుట్టు తిన్నగా వేయడం రాని వెధవ ప్రపంచంలో ఒక్కడే.

పెరిగాడే! మన బుడ్డోడు అక్కడ పొడుగయ్యాడే! పొట్టయిపోయిన ప్యాంటు వాడే విప్పుకుని, వాడే కుట్టుకున్నాడు.

మీ అన్నయ్య అలవాటు కొద్దీ ఇస్త్రీ పెట్టె పట్టుకొచ్చాడు. వద్దన్నాను, పాత మడత గీత చెరిగిపోతుందని. ఆయన పెట్టె కింద పెట్టి కూలబడ్డాడు. వార్త వచ్చిన రోజు కూడా అలా ఏడవలేదు మేం.

మీ వదిన


తెరల కార్ఖానా

వదినా,

నీ ఉత్తరం చదివి ఇక్కడ అందరి ముందూ బావురుమన్నాను. తర్వాత కళ్ళు తుడుచుకుని ఒక పిచ్చి అరుపు అరిచాను. ఏం చేయాలో తెలిసిపోయింది! గుర్రాల్లేవు, కత్తుల్లేవు, జరీ లేదు. ప్యాంట్లన్నీ పక్క కుట్లు విప్పి, కాలికి కాలు చేర్చి, వరస కింద వరస కుట్టేస్తాను. ప్రతి మడతా విప్పేస్తాను. వెలిసిన గుడ్డ కింద ముదురు పట్టీ, ప్రతి పిల్లాడిదీ ఒక్కో ఎత్తులో. పిల్లలు ఎంత పెరిగారోనని తలుపు చట్రం మీద గీతలు గీస్తామే, అలా కనిపిస్తుంది.

నువ్వు అడగనంటూనే వీధంతా అడిగావని నాకు తెలీదనుకున్నావా? నిన్న పెద్ద పెద్ద సంచులు దిగాయి. ప్రతి దాని మీదా నీ సుద్ద రాత, ఫలానా వాళ్ళ పెద్దవాడు, ఫలానా వాళ్ళ నడిపివాడు అని. నీ సంచి మాత్రం లేదు. అడగను.

ఇంతలో కమిటీ కార్యదర్శి వచ్చాడు. సగం తెర చూసి "భేష్, వీరుల దుస్తులు! మంచి ఆలోచన" అని మురిసిపోయాడు. మడతల సంగతి ఆయనకి తట్టలేదు, ఆ పట్టీలు అందానికి వేశాననుకున్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర తిరిగి, "పైన 'విజయం' అని బంగారు అక్షరాలు మర్చిపోకండి, ఒప్పందంలో ఉంది. అవి లేకపోతే తెర వేలాడదు" అన్నాడు.

మింగలేను, కక్కలేను. 'వి' వరకు టాకాలు వేసి ఆపాను. ఒక్క మాటే కదా వదినా? పైన, దీపాల వెలుగు పడని చోట పెడతాను. కింద ఇంత పెద్ద నిజం వేలాడుతుంటే పైన ఆ ఒక్క అబద్ధం ఎవరు చూస్తారు? అక్షరాలు లేవని తెరే మూలన పడితే పిల్లలందరూ మళ్ళీ సంచుల్లోకే పోతారు. ఏం చేయమంటావో చెప్పు. ఈసారి నువ్వు చెప్పినట్టే చేస్తాను.

నీ ఆడపడుచు


కుట్టు దుకాణం

అమ్మాయ్,

చెప్పినట్టే చేస్తానన్నావు కదా, చెయ్యి. ఆ 'వి' విప్పెయ్.

ఎవరూ చూడరంటావేంటి? ఆ మాట కోసమే కదా వాళ్ళు తెర వేయిస్తున్నది! అది పైన ఉంటే కింద మా పిల్లలు దానికి సాక్షులు. రేపు ఇంకో నది, ఇంకో ఊరు కావాలనిపిస్తే, ఆ తెర ముందే నిలబడి ఇంకొకళ్ళ పిల్లల్ని పిలుస్తారు. నీ దీపం వెలుగు పడని మూలల కబుర్లు నా దగ్గర చెప్పకు.

వీధిలో ఆడవాళ్ళందరినీ దుకాణంలో కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివాను. కోప్పడకు, నీ ఏడుపు భాగం చదవలేదు. అందరిదీ ఒకటే మాట. బట్టలు మేం అరువిచ్చాం, ఆ కార్యదర్శికి రాసివ్వలేదు. ఆ మాట ఎక్కిందో, ఎవరి ప్యాంటు వాళ్ళం విప్పుకుపోతాం. ఇక ఆయన తెర తగిలించే పై కర్రకి ఉత్త కొక్కేలు వేలాడదీసుకుని వాటికే విజయమని పేరు పెట్టుకోమను. ఇది నవ్వడానికి రాయలేదు. కానీ చదివినప్పుడు అందరం నవ్వాం. చాలా రోజులైంది ఈ దుకాణంలో నవ్వు వినిపించి.

బుడ్డోడిది నా దగ్గరే ఉంది. ఆ మాట పోయిందని నువ్వు రాసిన రోజున పంపుతాను. పోకపోతే, వాడు నా దగ్గరే ఉంటాడు.

మీ వదిన


తెరల కార్ఖానా

వదినా! వదినా! వదినా!

పోయింది! పంపించు!

ఊపిరి పీల్చుకుని మొదట్నుంచీ చెప్తాను. నీ ఉత్తరంలో ఆ అరువు ముక్క కార్యదర్శికి చదివి వినిపించాను. ఆయన నవ్వి, "ఆడవాళ్ళు ఆవేశంలో అంటారమ్మా, మీరు పని కానివ్వండి" అన్నాడు. నిచ్చెన ఎక్కాను. చిన్న కత్తెర తీసి, పై వరసలో మొదటి కాలు కుట్టు టకటకా విప్పి, మడిచి, ఆయన చేతిలో పెట్టాను. "ఇది రొట్టెలమ్మే ఆవిడ వాళ్ళ అబ్బాయిది. కిందే ఉంటుంది, ఇచ్చేయండి." రెండోది విప్పాను. "ఇది మా వదిన వాళ్ళ వీధి చివరింటి వాళ్ళ పెద్దవాడిది." ఆయన రెండు చేతులూ నిండిపోయాయి. తెరలో కన్నాలు పడుతున్నాయి. ఆహ్వానాలేమో ఊరంతా పంచేశారు. ఇంకోటి విప్పబోతుంటే, "దిగండి, దిగండమ్మా! అక్షరాలు వద్దు, ఏమీ వద్దు!" అని కేకలు.

ఒప్పందం మీద ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టించుకున్నాను. నీ మరదలంటే ఏమనుకున్నావు?

ప్రారంభం రోజున మీరందరూ ముందు వరసలో కూర్చోవాలి. నేను తెర వెనక తాళ్ళ దగ్గర ఉంటాను, నాకేమీ కనపడదు. చూసిందంతా నువ్వే నాకు చెప్పాలి.

గెలిచిన నీ ఆడపడుచు


కుట్టు దుకాణం

అమ్మాయ్,

ఆ రోజు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళం పడి ఏడవడానికే సరిపోయింది, ఒక్క ముక్క చెప్పలేదు నీకు. తర్వాత బస్సు టైమైపోయింది. ఇప్పుడు విను.

ముందు కమిటీ ఛైర్మన్ వచ్చి మైకు ముందు నిలబడ్డాడు. ఉపన్యాసం కాగితాలు ఇంత మందాన ఉన్నాయి. మా పక్కావిడ నా చెయ్యి నలిపేస్తోంది. నువ్వు తెర దించావు. అది పైనుంచి కిందికి దిగింది. వరస తర్వాత వరస, అంతమంది కాళ్ళు, అన్నీ మా పిల్లలవే. అందరూ వచ్చి వేదిక మీద నిలబడ్డట్టే ఉంది. భయం వేసింది, సంతోషం కూడా వేసింది. రెండూ ఒకేసారి వేస్తాయని నాకు తెలీదు.

వెనక వరసల్లో ఎవరో ఒకావిడ పైకే అనేసింది: "అయ్యో, మడతలు విప్పారు!" అంతే. ఆ మాట వరస నుంచి వరసకి పాకింది. మడతలు విప్పారు, మడతలు విప్పారు. ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పిల్లలకి వదిలి కుట్టించని ఇల్లు ఏదుంది? సూటూ బూటూ వేసుకున్న ఆయన కూడా మోకాళ్ళు పట్టుకుని వంగిపోయాడు.

అప్పుడు వీధి చివరింటావిడ లేచింది. నోట్లో నాలుక లేని మనిషి, "అదిగో మావాడు!" అని అరిచి, మెట్లెక్కి వేదిక మీదికి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక మేం. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు, మళ్ళీ తనే తీసేశాడు. ఎవరి వాడి దగ్గర వాళ్ళం నిలబడ్డాం, గుడ్డ పట్టుకుని. హాలంతా లేచి నిలబడింది.

ఛైర్మన్ మా మధ్య మైకు పట్టుకుని నిలబడిపోయాడు. మొదటి కాగితం చూసుకున్నాడు, మమ్మల్ని చూశాడు. "ఈ విజయ…" అన్నాడు. ఆ పక్క మాట రాలేదు ఆయనకి. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "మన పిల్లలు. అంతకంటే నేనేం చెప్పలేను" అని దిగిపోయాడు.

గెలిచామే అమ్మాయ్! ఊరు ఊరంతా వింటుండగా, ఆ మాట ఆ మనిషి గొంతులోనే ఆగిపోయింది. నా కొడుకు ఇక ఎవరి విజయమూ కాడు. వాడు వాడే.

వచ్చిన వాళ్ళు మీ అబ్బాయిది ఏదని అడుగుతుంటే, అన్నిటికంటే ఘోరంగా కుట్టింది చూడండి, అదే అని చూపించాను. అంత గర్వంగా ఇంతకుముందు ఏ కుట్టూ చూపించలేదు.

మీ వదిన


తెరల కార్ఖానా

వదినా,

తెర వెనక నుంచి నాకు కనిపించిందల్లా మీ చెప్పులు. తెర అంచు కింద వరసగా మీ అందరి పాదాలు, వాటి పైన పిల్లల కాళ్ళు. తాళ్ళు లాగే పెద్దాయన నా పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత కథ ఇంకా బాగుంది. పై అధికారులెవరో తెర తీసేయమన్నారట. కార్యదర్శి వచ్చి చెప్పాడు. ఆ పెద్దాయన తాడు పట్టుకుని బలంగా లాగినట్టు నటించి, "ఇరుక్కుపోయిందండీ" అన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఇరుక్కుంది. నాటకం ఉన్న రోజున మాత్రం వెన్నలా లేస్తోంది! ఇప్పుడు జనం నాటకానికి గంట ముందే వచ్చి తెర చూస్తూ కూర్చుంటున్నారు. ఇక తీయలేరు వదినా. తీస్తే ఎందుకు తీశారో చెప్పాలి, చెప్పే మొహం ఎవరికీ లేదు. పేపర్లో ఫొటో వేశారు, నది అవతలి పేపర్లో కూడా వచ్చిందట.

అన్నయ్యని ఒకసారి తీసుకురా. ఆ రోజు జనంలో సరిగ్గా చూడలేకపోయాడు.

నీ ఆడపడుచు


కుట్టు దుకాణం

అమ్మాయ్,

వస్తున్నాం. మేమిద్దరమే కాదు, మాతో ఇంకొకావిడ వస్తోంది.

నిన్న మధ్యాహ్నం దుకాణం గుమ్మంలో ఒకావిడ నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. మాట యాస వినగానే తెలిసింది, నది అవతలి మనిషి. మనవాళ్ళు పేరు మార్చిన ఊరు వాళ్ళది. ఆ పేపర్లో ఫొటో చూసి, అడుగుతూ అడుగుతూ వచ్చింది. చేతిలో పొట్లం. విప్పి చూపించింది. వేరే రంగు ప్యాంటు, వాళ్ళ సైన్యానిది. వాళ్ళ అబ్బాయిది.

నా కొడుకు ఉన్న దళమే ఆ ఊరి మీదికి వెళ్ళింది. ఎవరు ఎవర్ని ఏం చేశారో నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు. కూర్చోమన్నాను, నీళ్ళిచ్చాను. అవి తాగి, గ్లాసు కింద పెట్టి, నా మొహంలోకి సూటిగా చూస్తూ అంది:

"మా ఊరంతా తీసుకున్నారు కదమ్మా. మీ తెరలో మావాడికి జానెడు చోటివ్వలేరా?"

మిషన్లన్నీ ఆగిపోయాయి. మీ అన్నయ్య ఇస్త్రీ బల్ల దగ్గర తలెత్తాడు. ఆవిడ చేతుల్లోంచి ఆ ప్యాంటు తీసుకుని, బల్ల మీద పరిచి, టేపు పెట్టి కొలిచాను.

ఇస్తానన్నాను అమ్మాయ్. నిన్ను అడక్కుండానే మాటిచ్చేశాను. రంగు కలవదు. కలవక్కర్లేదు. ఎక్కడ పెట్టమంటారని అడిగితే, "మీవాడిది ఎక్కడుందో అక్కడ" అంది.

నిచ్చెన వేసి ఉంచు. బుడ్డోడి పక్క కుట్టు నేనే విప్పుతాను.

మీ వదిన